స్వజనమునకొక భాగము

గృహస్థుడు ధనమునార్జించుటయు, అందు కొంత వార్ధక్యమునకై దాచుకొనుటయు శాస్త్రసమ్మతమే. ఆ ధనమునెట్లు విభజింపవలెనో శ్రీమద్భాగవతము అష్టమస్కంధమున, వామనావతార ఘట్టమున చెప్పబడినది. మూడడుగుల నేలను దానమీయ సంకల్పించిన బలిచక్రవర్తిని వారించుచు శుక్రాచార్యులు, విత్తమును ఐదు భాగములు చేయువాడు ఇహపరములందు సుఖించునని బోధించెను. ధర్మమునకొకటి, కీర్తికొకటి, ధనవృద్ధికొకటి, భోగమునకొకటి, స్వజనమునకొకటి. బలి ఆ మాట పాటింపక సర్వమును భగవంతునకర్పించి ధన్యుడయ్యెను. అది మహాత్ముల మార్గము. సంసారము నడుపుకొనువారికి మాత్రము ఈ విభాగము నేటికిని ఆచరణయోగ్యమే.

ఉద్యోగవిరమణకు సిద్ధపడువారు నేడు మూడవ భాగమునందు మిక్కిలి శ్రద్ధ వహించుచున్నారు. భవిష్యనిధి, పింఛను, 60 ఏండ్లు నిండినవారికై 2004లో ఏర్పడిన సీనియర్ సిటిజన్ల పొదుపు పథకము మున్నగువానిని ముందుగనే విచారించుకొనుట వివేకము. ఒకరికి భారము కాకుండ బ్రతుకుటకు ధనమావశ్యకము. కాని ఐదవ భాగమునకు లెక్క వ్రాసుకొనువారు అరుదు.

ఆ భాగము లోపించినచో కలుగు ఫలమును మహాభారతమందలి ఆశ్రమవాసపర్వము చూపుచున్నది. యుద్ధానంతరము ధృతరాష్ట్రుడు 15 సంవత్సరములు ధర్మరాజు ఆదరమున హస్తినాపురముననే నివసించెను. అన్నవస్త్రములకు, పరిచారకులకు కొదువ లేదు. అయినను భీముని పరుషవాక్యములు ఆయన హృదయమును దహించెను. తమ్ముని బిడ్డలపై చూపవలసినపుడు చూపని వాత్సల్యమును ముసలితనమున రాజభోగము కొనియీయలేకపోయెను. తుదకు ఆయన అడవికి బయలుదేరెను. గాంధారి కుంతి భుజముపై చేయి వేసి నడచెను. కొడుకులను కోల్పోయిన తల్లికి ఊతమైనది పాండవుల తల్లియే! విదురుడును, సంజయుడును వెంట నడచిరి. కోశాగారము వెనుకనే నిలిచిపోయినది.

బంధుత్వము కూడ నిక్షేపము వంటిదే. కొంచెము కొంచెముగా కూర్చినగాని కూడదు. ముప్పది ఏండ్లు ఉదయమున వెడలి రాత్రి ఇల్లు చేరిన భర్త, విరమణానంతరము పగలంతయు ఇంటనుండి ఆజ్ఞలిచ్చుచుండినచో ఇల్లాలికి అది కష్టమే. కావున ఉద్యోగమందుండగనే ఆమెతో కూర్చుండి మాటలాడుట, పొదుపు పత్రములెచ్చటనున్నవో తెలుపుట, ఇంటిపనిలో చేయి కలుపుట అలవరచుకొనవలెను. గట్టు తగాదా వలన అన్నదమ్ములకు మాటలు లేనిచో, తాను రెండడుగులు నష్టపోయియైనను దానిని తీర్చుకొనవలెను. దూరమునున్న సంతానమును అవసరము వచ్చినపుడే కాక, ఊరకనే క్షేమమడుగుచుండవలెను. మనుమలకు దినమునకొక భాగవతకథ చెప్పినచో, ఆ పిల్లలు పెద్దవారైనను తాతగారి చెంతకు వత్తురు. సంతానము లేనివారికి మిత్రులును, ఇరుగుపొరుగును, భాగవతగోష్ఠియును స్వజనమే.

భక్తియందును ఈ నీతియే కలదు. తిరుప్పావైలో గోదాదేవి 6వ పాశురము మొదలు 15వ పాశురము వరకు పదిమంది చెలులను ఒక్కొక్కరినే మేల్కొలుపును. తానొక్కతెయే స్వామి సన్నిధికేగుట ఆమెకు సమ్మతము కాదు. నిద్రించువారిపై కోపింపక, వాకిట నిలిచి మరల మరల పిలుచును. అట్లే దూరమైన ఆప్తుని వాకిటికి తామే ముందుగా వెళ్లి పిలుచువారు ధన్యులు. అట్టివారి వార్ధక్యము ఒంటరిది కాదు.