పురిటికి పుట్టింటికి వెళ్తున్నారా? ఆశాకు చెప్పండి

తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మన ఇళ్లలో ఆనవాయితీ. ప్రయాణానికి బట్టలు, స్కానింగ్ కాగితాలు అన్నీ సర్దుకుంటాం. కాని ముఖ్యమైన పని ఒకటి మరచిపోతాం. గర్భిణీ పేరు అత్తవారి ఊళ్లో ఆశా కార్యకర్త పుస్తకంలో ఉంటుంది, బిడ్డ మాత్రం మరో ఊళ్లో పుడుతుంది. పుట్టింటి ఊరి ఆశాకు ఎవరూ చెప్పకపోతే ఆ బిడ్డను చూడడానికి ఎవరూ రాకుండా పోయే ప్రమాదం ఉంది.

నెల లోపు చనిపోయే శిశువుల్లో ఎక్కువమంది మొదటి వారంలోనే చనిపోతున్నారు. అందుకే 2011 నుండి ఆశా కార్యకర్తలు బాలింత ఇంటికి వచ్చి చూసే పద్ధతి ఏర్పడింది. ఆసుపత్రి కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆరుసార్లు వస్తారు. ఇంట్లో కాన్పయితే మొదటి రోజు కూడా వస్తారు. మా ఆసుపత్రిలో కాన్పయిన వారికీ ఈ సేవ ఉంది. దీనికి మీరు డబ్బు ఇవ్వనక్కరలేదు.

ఆశా బిడ్డ బరువు తూస్తారు, జ్వరం చూస్తారు, ఊపిరి లెక్కిస్తారు, తల్లి పాలు సరిగా అందుతున్నాయో లేదో గమనిస్తారు. తల్లి ఆరోగ్యం కూడా అడుగుతారు.

పురిటి గదిలోకి బయటివారు రాకూడదని కొందరు పెద్దలు ఆమెను గుమ్మం నుండే పంపేస్తారు. చూడవచ్చే జనం తగ్గితే బిడ్డకు మంచిదే. అయితే ఆశా చుట్టపుచూపుగా వచ్చిన మనిషి కాదు. చేతులు సబ్బుతో కడుక్కోమని చెప్పి లోపలికి పిలవండి.

ఈ గుర్తులు కనిపిస్తే ఆశా వచ్చే రోజు దాకా ఆగవద్దు:

• బిడ్డ పాలు తాగడం మానేయడం, మందకొడిగా ఉండడం
• ఒళ్లు వేడెక్కడం లేదా చల్లబడడం
• నిమిషానికి 60 సార్లు లేదా అంతకు మించి ఊపిరి తీయడం, డొక్కలు ఎగరేయడం
• ఫిట్స్ రావడం
• అరచేతులు, అరికాళ్లు పచ్చబడడం
• బొడ్డు చుట్టూ ఎర్రబడడం, చీము కారడం
• తల్లికి ఎక్కువ రక్తస్రావం, జ్వరం

వెంటనే 108కి ఫోన్ చేయండి. దారిలో బిడ్డను తల్లి గుండెకు ఆనించి, తలతో సహా వెచ్చగా కప్పి తీసుకురండి. జిల్లా ఆసుపత్రుల్లోని నవజాత శిశు వార్డులో వైద్యం ఉచితం.

కనుక పుట్టింటికి చేరిన వారంలోనే తల్లీబిడ్డల కార్డు తీసుకుని ఆ ఊరి ఆశాను కలవండి. కాన్పు కాగానే ఆమెకు కబురు చేసే బాధ్యత ఇంట్లో ఒకరికి అప్పగించండి. ఆ పని అమ్మమ్మ చేసినా సరే, మేనమామ చేసినా సరే.