జీడిమెట్ల రోడ్డు మీద పాత కాంటెస్సా

— బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి

'మజిల్ కారు' అనే మాట అమెరికా వాళ్లది. మామూలు కారు ఒంట్లో పెద్ద ఇంజను పెట్టి, అందుబాటు ధరలో వేగాన్ని అమ్మడమే దాని సూత్రం. 1964లో వచ్చిన పాంటియాక్ జి.టి.ఓ. ఇంజను 6.4 లీటర్లు, బలం 325 అశ్వశక్తులు. మన దేశంలో అంతటి కారు తయారు కాలేదు. కాని పొడుగాటి ముక్కు, వెడల్పాటి భుజాలు, వెనక చక్రాలను తిప్పే ఇంజను చూసి మనవాళ్లు ఆ బిరుదు ఒక కారుకు తగిలించారు. అదే హిందుస్థాన్ మోటార్స్ వారి కాంటెస్సా. 1970ల నాటి బ్రిటిష్ వాక్సాల్ కారు నమూనా మీద, పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో 1984 నుంచి 2002 దాకా తయారయింది. మొదట దానికి అంబాసిడర్ 1.5 లీటర్ల ఇంజనే పెట్టారు. ఏనుగు ఒంటికి ఎద్దు గుండె అన్నమాట! తర్వాత జపాన్ దేశపు ఇసుజు వారి 1.8 లీటర్ల ఇంజను వచ్చాక బలం 88 అశ్వశక్తుల దాకా పెరిగింది.

జీడిమెట్ల పారిశ్రామికవాడలో లేత్ షాపు నడిపే మా మేనమామకు 1993 నాటి కాంటెస్సా ఉంది. దాన్ని ముసుగేసి దాచలేదు, రోజూ నడుపుతాడు. షాపూర్‌నగర్ నుంచి బాలానగర్, అక్కడి నుంచి కూకట్‌పల్లి, పనిబడితే హైటెక్ సిటీ. "ఇంత పాత బండి రోజూ ఎందుకు మామా?" అని అడిగితే, "ఎద్దును కొట్టంల కట్టేసి మేపితే కాళ్లు పడిపోతయి అల్లుడా" అన్నాడు. మాది సేద్యం చేసే కుటుంబం గనుక ఆ మాట నాకు వెంటనే తలకెక్కింది. అయితే సైన్సు చదివేవాడికి సామెత చాలదు, లెక్క కావాలి.

నిలబెడితే ఏమవుతుంది?

మామ మాటలో సగం నిజం ఉంది. కదలని కారులో బ్యాటరీ దిగిపోతుంది, టైర్లు ఒకేచోట బరువు మోసి చదునవుతాయి, రబ్బరు సీళ్లు ఎండి నూనె కారుతుంది. ఇంజనులో పెట్రోలు మండినప్పుడు నీటి ఆవిరి కూడా పుడుతుంది. అందులో కొంత ఆయిల్లో చేరుతుంది. ఆయిల్ బాగా వేడెక్కితేనే ఆ నీరు మళ్లీ ఆవిరై పోతుంది. అందుకే వారానికొకసారి ఐదు నిమిషాలు స్టార్టు చేసి ఆపడం మేలు కన్నా కీడే చేస్తుంది. నడిపితే అరగంటయినా నడపాలి.

ఆగి కదలడం ఖరీదు

మనుషులతో కలిపి కారు బరువు సుమారు 1300 కిలోలు అనుకుందాం. గంటకు 54 కి.మీ. వేగం అంటే సెకనుకు 15 మీటర్లు. తరగతిలో నేర్చుకున్న గతిశక్తి సూత్రం వేస్తే వచ్చేది దాదాపు 1,46,000 జౌళ్లు. సిగ్నలు దగ్గర బ్రేకు తొక్కగానే ఇదంతా వేడిగా మారి గాలిలో కలుస్తుంది. లీటరు పెట్రోలులో సుమారు 3 కోట్ల 20 లక్షల జౌళ్లుంటాయి. అందులో ఐదో వంతు చక్రాలకు చేరిందనుకున్నా, 44 సార్లు ఆగి కదిలేసరికి లీటరు హారతి కర్పూరమే. దూరం నడిచిన ఖర్చు దీనికి అదనం.

పైగా పాత ఇంజన్లలో రేడియేటరు ఫ్యాను బెల్టుతో తిరుగుతుంది. ట్రాఫిక్‌లో ఇంజను మెల్లగా తిరిగితే ఫ్యానూ మెల్లగానే తిరుగుతుంది. గాలి ఎక్కువ కావలసినప్పుడే తక్కువ వస్తుంది! అందుకే మామ రేడియేటరు కడిగించి, అదనంగా కరెంటు ఫ్యాను బిగించుకున్నాడు.

పెట్రోలు మారింది

2000 సంవత్సరంలో మన పెట్రోలులోంచి సీసం పోయింది. 2025 నాటికి దేశమంతటా 20 శాతం ఇథనాల్ కలిసింది. కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. కొత్త కార్లలో ఆక్సిజన్ సెన్సారు ఈ తేడాను పసిగట్టి ఇంధనం సర్దుతుంది. కార్బొరేటరుకు ఆ తెలివి లేదు. దాని జెట్టు రంధ్రం ఎంతో అంతే పోస్తుంది. దాంతో మిశ్రమం పలచబడి, ఇంజను తడబడి, వేడెక్కుతుంది. కొంచెం పెద్ద జెట్టు వేయించడం, ఇథనాల్‌కు తట్టుకునే పైపులు మార్చడం దీనికి మందు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కనుక నెలల తరబడి ట్యాంకులో నిలవ ఉంచకూడదు. ఇక్కడ కూడా నడిచే బండికే మేలు.

పొగ ఎవరి పాలు?

అసలు చిక్కు ఇక్కడుంది. 1993 నాటి ఈ కారుకు పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టరు లేదు. పొగ పరీక్షలో దాని వంటి పాత కార్లకు కార్బన్ మోనాక్సైడు 3 శాతం దాకా అనుమతిస్తారు. బి.ఎస్.-4 కారుకు హద్దు 0.3 శాతమే. అంటే పదింతల తేడా. పెట్రోలు ఖర్చు మామ జేబులోంచి పోతుంది, బాగానే ఉంది. పొగ మాత్రం సిగ్నలు దగ్గర స్కూటరు మీద నిలబడ్డవాడు, షిఫ్టు దిగి రోడ్డు దాటే కార్మికుడు పీలుస్తారు. మామ పెట్టుకునే లెక్క పుస్తకంలో ఈ పద్దు లేదు.

చట్టం కూడా మధ్యలోనే నిలబెట్టింది. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు నిండిన బండినే 'వింటేజ్'గా నమోదు చేస్తారు, దాన్ని రోజూ నడపకూడదు. మామ కారుకు ఆ యోగ్యత 2043లో గాని రాదు. అంతవరకు ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. 20 ఏళ్లు దాటిన కార్లకు ఆ రుసుము 2025 ఆగస్టులో 10,000 రూపాయలయింది. మామ కారు గడువు 2028లో మళ్లీ వస్తుంది. అమ్మాలా, ఉంచాలా అని ఇంట్లో ఇప్పటికే చర్చ మొదలయింది.

నా అభిప్రాయం ఇది. కారు ఉండాలి, నడవాలి. కాని తెల్లవారుజామున, మేడ్చల్ వైపు రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, ఇంజను కాగి హాయిగా పరుగెత్తేంత దూరం నడవాలి. తొమ్మిది గంటల రద్దీలో బాలానగర్ సిగ్నళ్ల మధ్య ఒక్క మనిషిని మోయడానికి అది తగదు. ఆ పనికి బస్సు ఉంది, స్కూటరు ఉంది. కార్బొరేటరు, పొగ పరీక్ష ఆరు నెలలకోసారి, బ్రేకు ఆయిలు రెండేళ్లకోసారి తప్పకూడదు. మామకు ఈ లెక్కలన్నీ కాగితం మీద వేసి ఇచ్చాను. ముప్పై ఏళ్లు మనల్ని మోసిన యంత్రం మీద మమకారం తప్పు కాదు. ఆ మమకారానికి అయ్యే ఖర్చు పక్కవాడి ఊపిరితో కట్టించడమే తప్పు.