ఎండవేడిమి - తారురోడ్డు

వైశాఖమాసమున మిట్టమధ్యాహ్నము చెప్పులు లేక తారురోడ్డు దాటిన రైతునకు మేము క్రొత్తగా చెప్పవలసినది లేదు. నీడలోని గాలివేడిమి వేరు, రోడ్డువేడిమి వేరు. నల్లని తారు ఎండను మిక్కిలిగా పీల్చుకొనును. మన ధాన్యమును మార్కెట్టునకు చేర్చు రోడ్డు గాడులు పడుటకు నేల మెత్తదనము, కంకర లోపము మొదలగు కారణములు పెక్కులు కలవు. వానిలో ఎండకు తగని తారు ఒకటి. దానిని గూర్చి యిచట వివరించెదము.

వాతావరణశాఖవారు ప్రకటించు ఉష్ణోగ్రత నీడలో కొలిచినది. దానినుండి రోడ్డువేడిమిని లెక్కించుటకు, అమెరికాలో 1987 మొదలు 1993 వరకు జరిగిన పరిశోధనలవలన ఒక సూత్రము ఏర్పడినది. గాలివేడిమియు, ఆ స్థలముయొక్క అక్షాంశమును అందులో చేరును. ఎండకు పేరుపడిన పల్నాటి రెంటచింతలను తీసికొందము. అచట గాలి 45 సెంటిగ్రేడు డిగ్రీలున్న దినమున, ఈ సూత్రము ప్రకారము, రోడ్డులో 20 మిల్లీమీటర్ల లోతున సుమారు 67 డిగ్రీలుండును.

ఒక్క దినపు ఎండనుబట్టి తారును నిర్ణయింపరాదు. ఏటేట మిక్కిలి వేడిగానుండు వరుస 7 దినముల గరిష్ఠ ఉష్ణోగ్రతల సరాసరిని అనేక సంవత్సరముల లెక్కలనుండి తీయుదురు. ఇటీవలి వేసవుల లెక్కలు అందు చేరనిచో అంచనా తక్కువపడవచ్చును. 2013లో సవరించిన భారత ప్రమాణము ప్రకారము, ఆ సరాసరి గాలివేడిమి 38 మొదలు 45 డిగ్రీల వరకున్నచోట విజి-30 తరగతి తారును, 45 దాటినచోట విజి-40 తరగతి తారును తగును. చల్లని సీమకు తగిన పలుచని తారు మన యెండకు మెత్తబడును. మిక్కిలి గట్టితారు చలిసీమలో పగుళ్లువారును. కావున విత్తనమువలెనే తారును కూడ సీమనెరిగి ఎన్నుకొనవలెను.

వేడెక్కిన తారు మెల్లగా నడచు బరువునకును, నిలిచియుండు బరువునకును మరింత లొంగును. కావున సభ్యులు లారీలను మిట్టమధ్యాహ్నము రోడ్డుపై నిలిపి బస్తాలెక్కించుట మాని, ఉదయమున గాని సాయంకాలమున గాని ప్రక్కనున్న గట్టినేలపై ఎక్కించుట మేలు.

గ్రామమునకు క్రొత్తరోడ్డు మంజూరైనపుడు ఏ తరగతి తారు వాడుదురో, ఏ ఉష్ణోగ్రతనుబట్టి దానిని నిర్ణయించిరో ఇంజనీరుగారిని అడిగి తెలిసికొనుడు. 2000లో ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన క్రింద వేసిన రోడ్డును 5 సంవత్సరములు బాగుగానుంచు బాధ్యత కంట్రాక్టరుదే. గాడి కనిపించినచో గడువు దాటకముందే సంఘము తీర్మానము చేసి అధికారులకు తెలుపవలెను. రోడ్డు చెడినచో, ఆ నష్టమును బస్తాకింతయని బాడుగలో చెల్లించువారము మనమే.