బేరమును, పందెమును

నేను పలనాటిసీమలో ఒక ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడుగా నున్న దినములలో, ఎనిమిదవ తరగతివారికి మహాభారతమందలి ద్యూతకథను చెప్పుచుంటిని. ధర్మరాజు రాజ్యము నోడి, తమ్ములనోడి, తన్ను తానోడి, తుదకు ద్రౌపదిని గూడ పణముగా నొడ్డెనని చెప్పునంతలో ఒక బాలుడు లేచెను. “మాస్టరుగారూ! మిరపకాయలు కొని దాచెడు షావుకారును పందెమే కదండీ కాయుచున్నాడు? రేపటి ధర ఆయనకు మాత్రము తెలియునా?” అని యడిగెను. తరగతి యంతయు నవ్వెను. నాకు మాత్రము వెంటనే జవాబు తోచలేదు.

గుంటూరు మిరపయార్డును చూచినవారికి ఆ ప్రశ్న వింతగా నుండదు. రైతు కల్లములో కాయ నెండబెట్టి, తాలుకాయ నేరివేసి, టిక్కీల కెత్తి యార్డునకు తోలును. కమీషను వ్యాపారి దాని నమ్మించును. కొన్న వర్తకుడు కోల్డు స్టోరేజిలో నుంచి, ధర పెరుగువరకు వేచియుండవచ్చును. ధర పెరుగకపోవచ్చును, అద్దెయు వడ్డీయు మాత్రము పెరుగుచునే యుండును. కనుక వర్తకములో సాహసము కలదు. అయినను ఆ వర్తకుడు కాయ రంగును, ఘాటును, తేమను పరీక్షించియే కొనును. మాఘ ఫాల్గుణములలో వచ్చిన పంటను శ్రావణ భాద్రపదములలో వంటయింటికి అందించును.

ఈ సాహసము ఏ గీటు దాటినచో పందెమగునో తెలిసికొనుటకు బొంబాయి ప్రత్తిబజారు కథ తగినది. ప్రత్తి మన నల్లరేగడికి చుట్టమే గాన ఆ కథ మనకు పరాయిది కాదు.

1861లో అమెరికాయందు ఉత్తర దక్షిణ రాష్ట్రములకు యుద్ధము పుట్టెను. ఉత్తరపు నౌకలు దక్షిణపు రేవులను దిగ్బంధించెను. అమెరికా ప్రత్తిపై ఆధారపడిన లాంకషైరు మిల్లులకు దూది కరవై, అవి భారతదేశమువైపు తిరిగినవి. ధర కొన్ని రెట్లు పెరిగెను. బొంబాయికి ధనము వెల్లువగా వచ్చెను. సూరతునుండి వచ్చిన ప్రేంచంద్ రాయచంద్ అను దళారి ఆ నగర వర్తకులలో మేటి యయ్యెను. ఇంగ్లీషు నేర్చినవాడు, చురుకైనవాడు, గొప్ప దాత. ఆయన ప్రత్తితోనే తృప్తిపడియుండినచో మన పాఠములోనికి వచ్చియుండడు.

చేతికందిన ధనముతో వర్తకులు క్రొత్త బ్యాంకులను, కంపెనీలను పెట్టిరి. సముద్రమును పూడ్చి నేల చేయుదుమని బ్యాక్ బే కంపెనీ వెలసెను. ఆ నేల యింకను నీటిలోనే యుండగా దాని వాటాల వెల ఆకాశమంటెను. చేత రూపాయి లేకయే, ఫలానా దినమున ఫలానా వెలకు కొందుమని జనులు వాయిదా బేరములు వ్రాసికొనిరి. బొంబాయి బ్యాంకు ఆ వాటాలనే తాకట్టుంచుకొని అప్పులిచ్చెను. అచట ప్రేంచందు మాటకు ఎదురులేకపోయెను.

1865 ఏప్రిలులో యుద్ధము ముగిసెను. అమెరికా ప్రత్తికి దారి తెరువబడెను. మన ప్రత్తి ధర కూలెను. వాయిదాలు తీరవలసిన జూలై 1వ తేదీనాటికి చెల్లించువారు లేకపోయిరి. ప్రేంచందు దివాలా తీసెను. 1868లో బొంబాయి బ్యాంకు మూతపడి, వాటాదారులు సొమ్ము పోగొట్టుకొనిరి. ప్రేంచందు మరల దళారిగా నిలదొక్కుకొని 1906 వరకు జీవించెను. తల్లి రాజాబాయి పేర ఆయన యిచ్చిన ధనముతో కట్టిన గడియారపు గోపురము బొంబాయి విశ్వవిద్యాలయమున నేటికిని నిలిచియున్నది.

సుమారు నూరేండ్లకు ఆ నగరము మరియొక మెట్టు దిగెను. న్యూయార్కునుండి బొంబాయికి తంతిమీద వచ్చు ప్రత్తిధరల అంకెలపై జనులు పందెము కాసిరి. దూదిని కొన్నవాడు లేడు, అమ్మినవాడు లేడు. 1961లో ఆ ధరలు వచ్చుట నిలిచిపోగా, కుండలో చీటీలు వేసి అంకె తీసిరి. ‘మట్కా’ యన కుండయే.

పేకాటలో ఆ దూది మొదటినుండియు లేదు. అందును నేర్పు కలదని ఆడువారందురు. నిజమే. సికింద్రాబాదులోని క్లబ్బొకదాని వ్యాజ్యమున 1967లో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానముగా నేర్పుతో కూడిన ఆటగా నెంచెను. పోకరులో మంచి ముక్క లేకున్నను ఉన్నట్లు నటించుట పెద్ద విద్య. కాని యెంత నేర్పరి గెలిచినను ఆ బల్లమీదికి క్రొత్తగా ఒక్క మిరపకాయయు రాదు. ఒకని జేబులోనిది మరొకని జేబులోనికి పోవును. డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైన్ రమ్మీ, పోకరులను ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించెను. 2025లో పార్లమెంటు దేశమంతటికి అట్టి శాసనమును చేసెను.

ఈ శాసనములు అప్పటికి రాలేదు. తక్కిన కథను వారము తరువాత ఆ బాలునికి చెప్పితిని. వాడు శ్రద్ధగా విని, “అయితే మా షావుకారు రెండును చేసెనండీ” అనెను.

అప్పుడుగాని నాకు సంగతి తెలియలేదు. వాని తండ్రి కౌలునేలలో పండించిన ముప్పది టిక్కీల కాయ నమ్మి, అవసరమునకు తీసికొందమని సొమ్ము ఆ వర్తకునివద్దనే యుంచెను. మన సీమలో ఇది వాడుక; ఒక చీటీ చాలును. ఆ వర్తకుడు ధనికుడు, గుడికి గంట చేయించినవాడు. రాత్రులు క్లబ్బులో పెద్ద పందెములకు పేకాడును. బల్లపై నున్న సొమ్ములో తనదెంతయో, రైతులదెంతయో ఆయనకే తెలియదు. ఆ వేసవిలో దుకాణమునకు తాళము పడెను.

దసరా సెలవులు ముగిసినను బాలుడు బడికి రాలేదు. ప్రత్తి తీయుటకు కూలికి పోవుచున్నాడని విని వారి యింటికి పోతిని. తండ్రి నన్ను అరుగుపై కూర్చుండబెట్టి, ట్రంకుపెట్టెలోని చీటీని తెచ్చి చూపెను. టిక్కీల లెక్క, తూకము, ధర, సంతకము, అన్నియు సరిగా నుండెను. “ఇది చెల్లునాండీ, మాస్టరుగారూ?” అని యడిగెను. నేను దానిని రెండుమారులు చదివి తిరిగి యిచ్చితిని. చీటీ విషయము నాచేత కాలేదు గాని, మరునాటినుండి బాలుని బడికి పంపుటకు మాత్రము ఆయనను ఒప్పించి వచ్చితిని.