నాలుగు చోట్ల మాట ఒక చోటికి

ఆత్రేయపురం పూతరేకుల పేరు విననివారు లేరు. ఆ ఊరు కోనసీమ జిల్లాలో, కొత్తపేట నియోజకవర్గంలో ఉంది. పూతరేకులు చేసేవారిలో ఎక్కువమంది ఆడవాళ్లే.

బియ్యం నానబెట్టి పల్చగా రుబ్బుతారు. కుండ బోర్లించి కింద మంట పెడతారు. పిండిలో గుడ్డ ముంచి వేడి కుండ మీద లాగుతారు. కాగితం కన్నా పల్చని రేకు వస్తుంది. దానికి నెయ్యి రాస్తారు. బెల్లం గానీ పంచదార గానీ చల్లి మడత పెడతారు.

2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే ఆ పేరు ఆ ప్రాంతంలో చేసేవారి సొత్తు. వేరే చోట చేసి ఆ పేరుతో అమ్మకూడదు. పేరు అందరిదీ. అందుకే ఒక ఇంటి సరుకు చెడితే, మాట అందరికీ వస్తుంది.

మాట ఎక్కడ ఉంది?

పూర్వం కొనేవారు ఎదురుగా ఉండేవారు. బాగుంటే బాగుందనేవారు. బాగోకపోతే మొహం మీదే చెప్పేవారు. ఇప్పుడు దూరాన ఉన్నవారు ఫోనులో అడుగుతున్నారు. ఒకరు వాట్సాప్‌లో ధర అడుగుతారు. ఒకరు ఫేస్‌బుక్‌లో మెచ్చుకుంటారు. ఒకరు ఇన్‌స్టాగ్రామ్‌లో బొమ్మ కింద తప్పు చెబుతారు. ఒకరు గూగుల్‌లో రాస్తారు. ఇలా మాట నాలుగు చోట్ల పడి ఉంటుంది.

తోట తోటలో కాసిన కొబ్బరికాయలు అంబాజీపేట మార్కెట్టుకు చేరతాయి. ఒక చోటికి చేరితేనే సరుకు ఎంతుందో, ధర ఎలా ఉందో తెలుస్తుంది. మాట కూడా అంతే. దాన్ని ఒక చోటికి చేర్చాలి.

దానికి సాధనాలు ఉన్నాయి. మెటా బిజినెస్ సూట్ అని ఒకటి ఉంది. ఫేస్‌బుక్ పేజీకి, ఇన్‌స్టాగ్రామ్‌కి వచ్చిన కబుర్లు అందులో ఒకే చోట కనబడతాయి. జవాబు అక్కడి నుంచే ఇవ్వవచ్చు. వాట్సాప్ బిజినెస్‌లో కబుర్లకు చీటీలు పెట్టుకోవచ్చు. 'కొత్త ఆర్డరు', 'డబ్బు రావాలి', 'డబ్బు అందింది' అని వేరు చేసుకోవచ్చు. గూగుల్‌లో రాసినవి మాత్రం విడిగా చూడాలి.

ఎవరు చదవాలి?

ఒక డ్వాక్రా సంఘంలో అత్తాకోడళ్లు ఉన్నారనుకుందాం.

"అత్తయ్యా, రేకులు ముక్కలై వచ్చాయని ఇన్‌స్టాగ్రామ్‌లో ఒకావిడ రాసిందండి. నాలుగు రోజులైంది."

"మరి నాకెవరూ చెప్పలేదేం?"

"ఫోను అబ్బాయి దగ్గరుంది కదండీ. వాడు వాట్సాప్ ఒక్కటే చూశాడు."

"చేసేది మనం. మాట పడేది మనం. చదివేది మాత్రం వాడా? ఇలా ఇవ్వమ్మా, నేనే చదువుతాను."

అత్త కూడబలుక్కుని చదివింది. కోడలి సాయంతో జవాబు రాసింది. "అమ్మా, తప్పు మాదే. వేరే పూతరేకులు గట్టి పెట్టెలో పంపుతాం. డబ్బు ఇవ్వక్కర్లేదు."

ఈ జవాబు ఆవిడ ఒక్కతే చదవదు. ఆ బొమ్మ చూసేవారంతా చదువుతారు. తప్పు ఎవరికైనా జరుగుతుంది. ఒప్పుకుని సరిచేసేవారి దగ్గరే జనం మళ్లీ కొంటారు. నాలుగు రోజులు జవాబు లేకపోతే "వీళ్లింతే" అనుకుంటారు.

పుస్తకం వదలకూడదు

2022 మే 24న అమలాపురంలో అల్లర్లు జరిగాయి. తర్వాత కోనసీమలో కొన్ని రోజులు ఇంటర్నెట్ ఆపేశారు. అలాంటప్పుడు ఫోనులోకి కబుర్లు రావు. ఫోను పోయినా, పాడైనా అంతే. అందుకే రోజూ ఒక పుస్తకంలో ఇలా రాసుకోవాలి:

తేదీ – పేరు, ఫోను నంబరు – ఏం అడిగారు – ఏం జవాబు ఇచ్చాం – డబ్బు వచ్చిందా

నెలాఖరున సంఘంలో ఆ పుస్తకం చదవాలి. ఒకే ఫిర్యాదు మూడుసార్లు వస్తే పనిలో ఏదో లోపం ఉన్నట్టు. పెట్టె మార్చాలా? నెయ్యి మార్చాలా? అందరూ కలిసి తేల్చుకోవాలి.

జాగ్రత్త! డబ్బు తీసుకోవడానికి పిన్ నంబరు అక్కర్లేదు. కొంటామని చెప్పి పిన్ గానీ ఓటీపీ గానీ అడిగితే అది మోసం.

కొత్త మాటలు

భౌగోళిక గుర్తింపు – ఒక ప్రాంతపు సరుకు పేరుకు చట్టం ఇచ్చే రక్షణ
ఫిర్యాదు – బాగోలేదని చెప్పే మాట
సాధనం – పనికి వాడే వస్తువు, పనిముట్టు

జవాబులు చెప్పండి

1. ఒక ఇంటి సరుకు చెడితే ఊరంతటికీ నష్టం ఎందుకు?
2. అత్త ఫోను తనే ఎందుకు చదివింది?
3. ఇంటర్నెట్ ఆగినా పుస్తకం ఎలా పనికొస్తుంది?

చేయండి

మీ సంఘం అమ్మే సరుకు గురించి ఈ వారం ఎవరెవరు ఏమన్నారో అడిగి తెలుసుకోండి. ఒక కాగితం మీద మీ చేత్తో రాయండి. సంఘంలో చదివి వినిపించండి.