బొమ్మలగుట్ట

తెలంగాణ ప్రాంతంలో ఒకప్పుడు జైనమతం విశేషమైన ఆదరణ పొందింది. కొలనుపాక, బోధన్, వేములవాడ మొదలైన చోట్ల ఆ వైభవానికి సాక్ష్యాలు నేటికీ కనిపిస్తాయి. అటువంటి పవిత్ర స్థలాలలో కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలోని కురిక్యాల గ్రామ సమీపాన ఉన్న బొమ్మలగుట్ట ఒకటి. ఇది జైనులకు పుణ్యస్థలం. తెలుగు భాషాభిమానులకు అంతకంటె తక్కువైనది కాదు.

గుట్టపైకి చేరిన యాత్రికునికి మొదట కనిపించేది పెద్ద రాతిబండపై మలచిన శిల్పాల వరుస. నడుమ చక్రేశ్వరీ దేవి కొలువై ఉంది. ఈమె జైనుల తొలి తీర్థంకరుడైన వృషభనాథుని శాసనదేవత. సమీపంలో తీర్థంకరుల ప్రతిమలు ప్రశాంతమైన ధ్యానముద్రలో దర్శనమిస్తాయి. ఈ బొమ్మల వల్లనే గుట్టకు ఆ పేరు కలిగింది. పరిసర గ్రామాల ప్రజలు దేవిని బొమ్మలమ్మగా కొలుస్తారు. మతాలు వేరైనా భక్తి చెక్కుచెదరలేదు.

శిల్పాల దిగువన ఒక శాసనం ఉంది. దానిని క్రీ.శ. 945 ప్రాంతంలో చెక్కించినవాడు జినవల్లభుడు. ఇతడు కన్నడ ఆదికవిగా ప్రసిద్ధుడైన పంపని తమ్ముడు. పంపడు వేములవాడ చాళుక్య ప్రభువైన రెండవ అరికేసరి ఆస్థానకవి. అతడు 941లో ‘ఆదిపురాణం’ రచించి వృషభనాథుని చరిత్రను కావ్యంగా మలిచాడు. అన్న అక్షరాలలో నిలిపిన తీర్థంకరుని తమ్ముడు రాతిలో నిలిపాడు. శాసనంలో ఈ గుట్టకు వృషభగిరి అనే పేరు కనిపిస్తుంది. త్రిభువనతిలకమనే జినాలయాన్ని, మదనవిలాసమనే తోటను, కవితాగుణార్ణవమనే చెరువును తాను నిర్మింపజేసినట్లు జినవల్లభుడు అందులో చెప్పుకున్నాడు. కవితాగుణార్ణవుడు పంపని బిరుదు. తాను త్రవ్వించిన చెరువుకు అన్న బిరుదును పెట్టిన ఆ తమ్ముని ప్రేమ ఎంతో ప్రశంసనీయం. పంపని వంశ చరిత్రకు ఈ శాసనమే ముఖ్యాధారం.

శాసనం సంస్కృతం, కన్నడం, తెలుగు అనే మూడు భాషలలో ఉంది. తెలుగు భాగంలో మూడు కందపద్యాలున్నాయి. తెలుగులో లభించిన తొలి కందపద్యాలుగా వీటిని సాహిత్య చరిత్రకారులు పేర్కొంటున్నారు. రాజరాజ నరేంద్రుని ఆస్థానంలో నన్నయ భారత రచనకు పూనుకొన్నది పదకొండవ శతాబ్దంలో. అంతకు సుమారు ఒక శతాబ్దం ముందే తెలంగాణ నేలపై నియమబద్ధమైన తెలుగు పద్యం వెలసిందని ఈ శిల సాక్ష్యమిస్తున్నది. 2008లో తెలుగుకు ప్రాచీన భాషా హోదా లభించింది. భాష ప్రాచీనతను నిరూపించే ఆధారాలలో ఈ శాసనానికి ప్రముఖ స్థానముంది.

కర్ణాటకలోని శ్రవణబెళగొళలో సుమారు 58 అడుగుల ఎత్తున వెలసిన గోమటేశ్వరుని ఏకశిలా విగ్రహాన్ని చూడటానికి దేశదేశాల నుండి యాత్రికులు వస్తారు. ఆ గోమటేశ్వరుడే వృషభనాథుని కుమారుడైన బాహుబలి. అతడు పాలించిన పోదనపురం నేటి బోధన్ అని పలువురి అభిప్రాయం. ఆ విగ్రహంతో పోల్చితే బొమ్మలగుట్ట శిల్పాలు చిన్నవి. అయినను విగ్రహపు కొలత ఒక్కటే స్థలానికి గొప్పదనం కాదు.

కరీంనగర్ ప్రాంతం గ్రానైటుకు ప్రసిద్ధి. రాతి త్రవ్వకాలు వేలమందికి ఉపాధి కల్పిస్తున్న మాట నిజమే. కాని త్రవ్వకాలలో జరిగే పేలుళ్ళకు ప్రాచీన శిలలు బీటలు వారే ప్రమాదముంది. పగిలిన బండకు మారుగా మరొక బండ దొరకవచ్చు. జినవల్లభుడు చెక్కించిన అక్షరం మరల దొరకదు. వెయ్యేండ్లకు పైగా ఎండకు, వానకు ఓర్చి నిలిచిన ఆ అక్షరాలను భావితరాలకు భద్రంగా అందించడం నేటి తరం బాధ్యత.