గేమ్ నడుస్తున్నది ఏ కార్డు మీద?

ల్యాప్‌టాప్ రిపేరు బల్ల దగ్గరే జుట్టు నెరిసినవాణ్ణి. "అంకుల్, ఎన్విడియా కార్డు ఉందని కొన్నాం, అయినా గేమ్ ల్యాగ్ అవుతోంది" అంటూ వచ్చే పిల్లలే ఇప్పుడు ఎక్కువ. అమ్మానాన్నలు ఈఎంఐలు కట్టి కొనిచ్చిన మెషీన్లవి. చాలావాటికి స్క్రూ విప్పాల్సిన పనే ఉండదు. కార్డు నిక్షేపంలా ఉంటుంది, గేమ్ మాత్రం దాని దాకా వెళ్లదు. అది తెలియక ర్యామ్ మీదో, ఇంకో ల్యాప్‌టాప్ మీదో డబ్బు పోసేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

1. ముందు చూడండి, తర్వాత ముట్టుకోండి.
గేమ్ నడుస్తుండగా కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. పెర్ఫార్మెన్స్ పేజీలో జీపీయూ 0, జీపీయూ 1 అని రెండు కనిపిస్తాయి. ఒకటి ప్రాసెసర్‌లోనే కలిసివచ్చే ఇంటెల్ లేదా ఏఎండీ గ్రాఫిక్స్, రెండోది విడి కార్డు. నంబరును నమ్మకుండా పేరు చదవండి. ఇంటెల్ గీత నెత్తికెక్కి కూర్చుని, ఎన్విడియా గీత సున్నా దగ్గరే ఉంటే జబ్బు దొరికినట్టే. ప్రాసెసెస్ పేజీలో కాలమ్ పేర్ల మీద రైట్ క్లిక్ చేసి 'జీపీయూ ఇంజిన్' తెచ్చుకుంటే, ఏ ప్రోగ్రాము ఏ జీపీయూని వాడుతోందో పక్కనే రాసి ఉంటుంది.

2. ఇంటెల్ గ్రాఫిక్స్‌ని డిజేబుల్ చేయకండి.
రెండు గ్రాఫిక్స్ పెట్టింది బ్యాటరీ ఆదా కోసం. ఎన్విడియా 2010లో ఆప్టిమస్ అనే పద్ధతి తెచ్చింది. బ్రౌజరూ సినిమాలూ చిన్న గ్రాఫిక్స్ చూసుకుంటుంది, బరువు పని పడితే పెద్ద కార్డు లేస్తుంది. చాలా ల్యాప్‌టాప్‌లలో తెరకు వెళ్లే దారి మాత్రం చిన్నదాని గుండానే. పెద్ద కార్డు తయారుచేసిన ప్రతి ఫ్రేమూ చిన్నదాని మెమరీలోకి కాపీ అయి, అక్కణ్ణుంచి తెర మీదకొస్తుంది. కాబట్టి గేమ్ ఆడేటప్పుడు ఇంటెల్ కూడా కాస్త కదులుతుంటే కంగారు వద్దు. డివైస్ మేనేజర్‌లో దాన్ని ఆపేస్తే, ఊరికున్న ఒక్క వంతెనా పడగొట్టి బస్సు కోసం ఎదురుచూసినట్టే.

3. విండోస్‌కి మీరే చెప్పండి.
2018 ఏప్రిల్‌లో విండోస్ 10కి వచ్చిన అప్‌డేట్‌తో ఈ సౌకర్యం మొదలైంది. సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్ వరసన వెళ్లి గేమ్‌ని చేర్చి, ఆప్షన్స్‌లో 'హై పెర్ఫార్మెన్స్' పెట్టి సేవ్ చేయండి. గేమ్ మూసి మళ్లీ తెరవాలి. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్లోనూ ఇలాంటి ఎంపికే ఉంది గానీ, నేను విండోస్‌లోనే మొదలుపెడతాను.

4. చేర్చాల్సిన ఫైలేదో కనిపెట్టండి.
అన్నీ సరిగ్గా పెట్టినా కుదరలేదని వచ్చేవాళ్లలో ఎక్కువమంది తప్పేది ఇక్కడే. డెస్క్‌టాప్ మీదున్న ఐకాన్ చాలాసార్లు లాంచర్‌ది. అది గేమ్‌ని లేపి తాను పక్కకు తప్పుకుంటుంది. మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషనే తీసుకోండి. పిల్లలు లాంచర్‌కి హై పెర్ఫార్మెన్స్ ఇస్తారు. ఆట నడిచేది మాత్రం జావాడబ్ల్యూ అనే వేరే ఫైలు మీద. పైగా పాత వెర్షన్లకు జావా 8, తర్వాతివాటికి 17, 21 అంటూ వేర్వేరు జావాలు కావాలి. వేటి జావా వాటికి వేరే ఫోల్డరులో ఉంటుంది. నిన్నటిదాకా బాగా ఆడిన గేమ్ వెర్షన్ మార్చగానే మొరాయించడానికి ఇదొక కారణం. చేయాల్సింది ఇదీ: గేమ్ నడుస్తుండగానే టాస్క్ మేనేజర్ డీటెయిల్స్ పేజీలో ఆ ఫైలు మీద రైట్ క్లిక్ చేసి 'ఓపెన్ ఫైల్ లొకేషన్' నొక్కండి. తెరుచుకున్న ఫోల్డరు చిరునామా కాపీ చేసుకుని, గ్రాఫిక్స్ పేజీలో బ్రౌజ్ నొక్కి సరిగ్గా ఆ ఫైలునే ఎంచుకోండి. ఎమ్యులేటర్లకూ ఇదే దారి.

5. చార్జర్ పెట్టే ఆడండి, అదీ దానితో వచ్చిన చార్జరే.
గేమింగ్ ల్యాప్‌టాప్‌లకు 150, 180, 230 వాట్ల చార్జర్లిస్తారు. బరువని దాన్ని ఇంట్లో వదిలేసి, హాస్టల్లో 65 వాట్ల టైప్-సీ చార్జర్ గుచ్చితే బ్యాటరీ నిండొచ్చేమో గానీ కార్డుకు తిండి చాలదు. ఉత్త బ్యాటరీ మీద ఆడినా అంతే.

6. ఎకో మోడ్ ఉందేమో చూడండి. కంపెనీలు తమ సొంత యాప్‌లో ఇచ్చే ఈ మోడ్ కొన్ని మోడళ్లలో విడి కార్డును పూర్తిగా ఆపేస్తుంది. అప్పుడది టాస్క్ మేనేజర్‌లోనూ కనిపించదు, కార్డు కాలిపోయిందని బెంబేలెత్తుతారు.

7. విండోస్ మళ్లీ వేయించారా? డ్రైవర్లు వేయకుండానే ఇచ్చేసి ఉండొచ్చు. డివైస్ మేనేజర్‌లో 'మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్' అని కనిపిస్తే అదే సంగతి. ల్యాప్‌టాప్ అడుగున ఉన్న మోడల్ నంబరుతో కంపెనీ సైట్లో వెతికి, ముందు ఇంటెల్ లేదా ఏఎండీ డ్రైవరు, తర్వాత ఎన్విడియాది వేయండి.

8. తెరకు దగ్గరి దారి ఉంటే వాడుకోండి.
కొన్ని ల్యాప్‌టాప్‌లలో మక్స్ స్విచ్ ఉంటుంది. దాన్ని మారిస్తే తెర నేరుగా పెద్ద కార్డుకే కలుస్తుంది. ఆ కాపీ పని తప్పి, ఫ్రేములు కొంత పెరుగుతాయి. మార్చాక సాధారణంగా రీస్టార్ట్ చేయాలి, బ్యాటరీ కూడా త్వరగా అయిపోతుంది. మక్స్ లేకపోయినా, చాలా గేమింగ్ మోడళ్లలో హెచ్‌డీఎంఐ పోర్టు పెద్ద కార్డుకే కలిపి ఉంటుంది. ఇంట్లో మానిటరుంటే తగిలించి చూడండి.

9. స్టిక్కరు ఒకటే అయినా బలం ఒకటి కాదు.
ల్యాప్‌టాప్‌లకు వచ్చే ఆర్టీఎక్స్ 3050ని తయారీదారు 35 నుంచి 80 వాట్ల మధ్య ఎంతకైనా అమర్చుకోవచ్చు. సన్నటి మోడల్లో ఉన్నదీ, లావుపాటి మోడల్లో ఉన్నదీ ఒకేలా పరుగెత్తవు. కొనేముందు వాట్లెన్నో అడగండి. షాపువాళ్లు చెప్పలేకపోతే కంపెనీ సైట్లో చూసుకోండి. ఇక మంచం మీద, దుప్పటి మీద పెట్టి ఆడితే గాలి లోపలికి పోక, వేడికి కార్డు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. రామగుండంలోనో విజయవాడలోనో మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గదిలో ఆడేవాళ్లు బల్ల మీద పెట్టి, వెనకవైపు కాస్త ఎత్తు చేయండి.

10. చిప్ వేడిచేసి బాగుచేస్తామంటే ఒప్పుకోకండి.
డ్రైవరు శుభ్రంగా తీసి మళ్లీ వేసినా డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు, కోడ్ 43 పోకపోతే అప్పుడు బోర్డును అనుమానించాలి. ల్యాప్‌టాప్‌లలో ఆ కార్డు చాలావరకు మదర్‌బోర్డుకే అతికించి ఉంటుంది, ఊడదీసి కొత్తది పెట్టడం కుదరదు. హీట్ కొట్టి లేపిన చిప్ ఎన్నాళ్లుంటుందో ఎవరూ పూచీ పడలేరు. వారంటీ ఉంటే బయట ఎక్కడా విప్పించకుండా కంపెనీ సర్వీస్ సెంటరుకే ఇవ్వండి. ఇచ్చేముందు డేటా బ్యాకప్ తీసుకుని, బిల్లూ సీరియల్ నంబరూ ఫోటో తీసి ఫోన్లో పెట్టుకోండి.